నోరా మర్చిపోని నామవాచకాలు

సాయంత్రంలోగా నోరా మాట్లాడాలి. లేకపోతే మతి తప్పినవాళ్లను తాళం వేసి ఉంచే హోమ్‌కి పంపేస్తారు.

గిరావీన్ అనే శివారులో తస్నీమ్ అద్దెకుంటున్న ఇంటి యజమానురాలు నోరా. వయసులో ఉండగా ఐర్లండ్ నుంచి ఈ దేశం వచ్చింది. పక్షవాతం ఆమె ఇంగ్లీషును మొత్తం ఊడ్చేసింది. ఇప్పుడామె నోట్లోంచి వచ్చేవి పిచ్చి కూతలని వార్డంతా అనుకుంటోంది. కాదు, అది ఆమె ప్రార్థన చేసుకునే ఐరిష్ అని తస్నీమ్ ఒక్కతే అంటోంది.

"ఇంటర్‌ప్రెటర్ నెక్స్ట్ వీక్ గానీ దొరకడమ్మా. బెడ్ ఇవాళే ఖాళీ చెయ్యాలి," అన్నాడు డాక్టర్ ఈశ్వరప్రసాద్. "అయినా మీది గుంటూరు కదా, నీకు ఐరిష్ ఎక్కడిది?"

"లైబ్రరీలో బిగినర్స్ బుక్ దొరికింది అంకుల్. నామవాచకాల దాకా వచ్చా."

"వైటూకే బగ్గులన్నీ అయిపోయాయా అప్పుడే?"

తస్నీమ్ పుస్తకం తెరిచింది. రెండువేల సంవత్సరం వచ్చేలోగా ఆఫీసు కంప్యూటర్లలో తేదీలు దిద్దుతూ కూడా ఆ పుస్తకాన్ని వదల్లేకపోయింది. ఆ భాషలో 'ఒక' అనే మాటే లేదు. 'బాన్' అంటే చాలు, ఒక స్త్రీ. 'ఆ స్త్రీ' అనాలంటే ముందు 'అన్' చేర్చాలి. చేర్చగానే బాన్ కాస్తా వాన్ అవుతుంది. ప్రతి వస్తువూ ఆడో మగో. బల్ల మగది, కిటికీ ఆడది. 'ఫిన్యోగ్' అనే కిటికీకి 'అన్' తగిలితే మొదటి ధ్వని మాయమై 'అన్ ఇన్యోగ్'. తెలుగు మాట చివర మారుతుంది. ఇది మొదట్లోనే, ముందు ఎవరొచ్చి నిలబడ్డారో చూసి ముఖం మార్చుకుంటోంది. చదివినప్పుడల్లా తస్నీమ్ ఒళ్లు జలదరించేది.

తస్నీమ్ నోరాకి కిటికీ చూపించింది. "ఫిన్యోగ్?"

నోరా గోడవైపు తిరిగింది.

కప్పు ఎత్తింది. "కుపాన్?"

నోరా కళ్లు మూసుకుంది.

"వదిలెయ్ తల్లీ," అన్నాడు డాక్టర్ మెల్లగా.

మాటలు సరైనవే. మరి తప్పెక్కడ? తస్నీమ్‌కి ఉన్నట్టుండి దాదీ గుర్తొచ్చింది. సలాం చెప్పకుండా ఏమడిగినా దాదీ చెవుడొచ్చినట్టు కూర్చునేది. అవసరమైన చోటికి నేరుగా దూకే ప్రోగ్రామర్ అలవాటుతో తను పలకరింపుల పాఠం దాటేసింది. గబగబా పుస్తకం వెనక్కి తిప్పి, మంచం పక్కన వంగింది.

"డీయ ఘిట్." దేవుడు నీకు తోడు.

నోరా కళ్లు తెరిచింది. లేచి కూర్చోబోయింది. "డీయ ఇస్ మ్విర ఘిట్." దేవుడూ, మేరీమాతా నీకు తోడు.

సలాంకీ అంతే. అందుకున్నదానికి ఇంకొంచెం కలిపి తిరిగివ్వాలి.

ఇక అడిగే పని లేకపోయింది. నోరా చెయ్యి చాచి చెప్పుకుపోయింది. కప్పు, బల్ల, అన్ ఇన్యోగ్. ఇన్నేళ్ల ఇంగ్లీషు కింద ఒక ఇల్లు సామానుతో సహా చెక్కుచెదరకుండా ఉంది.

"ఆగు. ఊరికే వల్లిస్తోందేమో," అని డాక్టర్ పుస్తకం అందుకున్నాడు. వంకరటింకరగా ముందు పలకరించాడు. జవాబొచ్చింది. "ల్యాబ," అని చదివాడు. నోరా మంచాన్ని తట్టింది. "దోరస్," అన్నాడు. ఆమె తలుపు చూపించి, అక్కణ్ణించి ఇంకా దూరానికి చెయ్యి ఊపి, "అవాలె," అంది.

"ఇదేంటి?"

"నేనింకా అందాకా చదవలేదు అంకుల్."

"అక్కర్లేదులే." ఆయన పుస్తకాన్ని రెండు చేతులతో తిరిగిచ్చి, నర్సు వైపు తిరిగాడు. హోమ్ వాళ్ల వ్యాన్ వద్దని, ఈవిడ గిరావీన్‌లో తన ఇంటికే వెళ్తోందని చెప్పాడు.