తామరాకు మీద నాలుగు గుడ్లు

పదకొండో పెసరట్టు పెనం మీంచి తీస్తుంటే హాల్లోంచి మొగుడు ఫిలిప్ కేక వినిపించింది. "కృపా, సంజీవరావు గారికి అల్లప్పచ్చడి!" రెండో శనివారం వస్తే చాలు, ఫిలిప్, అతని పక్షుల గ్రూపు తెల్లారేసరికి కాలనీ వెనక చెరువు గట్టున కెమెరాలతో నిలబడతారు. తొమ్మిదింటికి ఇంటిమీద పడతారు. కృపకూ ఆఫీసు సెలవు ఆరోజే. ఆ సంగతి ఎవరికి గుర్తుంది గనక!

పచ్చడి తీసుకెళ్లేసరికి అందరూ లాప్‌టాప్‌లో ఫొటో చూసి మురిసిపోతున్నారు. తామరాకు మీద నాలుగు గుడ్లను పొదువుకున్న పొడుగు తోక జకానా అనే నీటిపక్షి. గవర్నర్‌పేటలో పెట్టబోయే ఎగ్జిబిషన్‌కు అదే పెద్ద ఫొటో. కింద పేరు కూడా పెట్టేశారు, 'తల్లి ప్రేమ' అని.

"అది తల్లి కాదండీ," అంది కృప.

ఆ గూడును మొదట చూసిందీ, ఫిలిప్‌కు చూపించిందీ ఆమే. డాబా మీద బట్టలారేస్తూ, ఒక అద్దం పగిలిందని అతను పక్కన పడేసిన బైనాక్యులర్‌తో ఇరవై ఐదు రోజులుగా చూస్తోంది. పెద్దదైన ఆడపక్షి గుడ్లు పెట్టి అవతలి ఒడ్డుకు వెళ్లిపోయింది. అప్పట్నుంచీ ఎండకు రెక్క అడ్డం పెట్టేదీ, కాకుల్ని తరిమేదీ ఆ చిన్న మగపక్షే. ఫొటో కింద తన పేరు లేదు, పోనీలే అనుకుంది. దాని పేరైనా ఉండాలి కదా!

"మగాడు గుడ్లు పొదగడమేంటమ్మా!" సంజీవరావు గారు పగలబడి నవ్వారు.

ఫిలిప్ తలెత్తలేదు. "పుస్తకంలో అలాగే ఉందిలే. కానీ జనానికి తల్లంటేనే నచ్చుద్ది. నువ్వెళ్లి అట్టు చూడు, మాడుతున్నట్టుంది."

తెలిసే చేశాడు! కృప ఒళ్లు మండిపోయింది. కూతురు క్రిస్టినా పుట్టినప్పుడు, నిద్ర చాలట్లేదని ఇతను పక్కగదిలోకి మారితే అత్తగారు అమలమ్మ ఏమంది? "తల్లివి నువ్వున్నావుగా, వాడికేం చేతవుద్దమ్మా." తను చేసిన చాకిరీకంతా తల్లి ప్రేమ అని పేరు పెట్టి ఊరుకున్నారు. ఇప్పుడు మగపక్షి చేసినదానికీ అదే పేరు. మగవాళ్లకు చేతవుతుందన్న సంగతి చెరువులోంచి కూడా బయటికి పొక్కకూడదు కాబోలు.

గుడ్లు పగిలేది ఇవాళో రేపో.

గరిటె తెచ్చి ఫిలిప్ చేతిలో పెట్టి, బల్ల మీది కొత్త బైనాక్యులర్ తీసుకుని మెడలో వేసుకుంది. చెప్పులు వేసుకుంటూ వెనక్కి తిరిగింది.

"ఏవండీ, పిండి ఇంకా చాలా ఉంది. అట్లు మీరు పోయండి. ఎవరన్నా అడిగితే నేనే పోశానని చెప్పండి. జనానికి అదే నచ్చుద్ది."