నాన్న విన్న పాట

మా తమ్ముడి పాట మీరు వినే ఉంటారు. వినకపోయినా, ఆ పాట వింటున్న మా నాన్ననైతే చూసే ఉంటారు. చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, కుర్చీ చేతి మీద వేళ్ళతో తాళం వేస్తూ ఏడుస్తాడే, ఆయన. ఆ వీడియో తీసింది నేను. కత్తిరించింది నేను. కింద రాసిన రెండు ముక్కలూ నావే. ఇంతవరకూ దాన్ని అరవై లక్షలమంది చూశారు. చూశాక తమ నాన్నలకు ఫోన్ చేశామని వందలమంది రాశారు. నాకు మాత్రం అది ఎక్కడ కనపడినా ఫోన్ బోర్లా పెట్టెయ్యాలనిపిస్తుంది.

అమ్మ పోయేనాటికి తమ్ముడికి తొమ్మిదేళ్ళు, నాకు పంతొమ్మిది. వాడికి నేనే అన్నం పెట్టాను, నేనే తిట్టాను, వాడు సంగీతమే చేస్తానని మొండికేస్తే నేనే నాన్నతో పోట్లాడాను. నేను టైర్ల కంపెనీలో ప్రచార విభాగంలో పనిచేసేదాన్ని. గోరంతను కొండంత చేసి చెప్పడం నా ఉద్యోగం. నల్లటి రబ్బరు చక్రాన్ని చూసి జనం మురిసిపోయేలా చేసినదాన్ని, బంగారంలాంటి తమ్ముణ్ణి నలుగురికీ చూపించలేనా అనుకున్నాను. ఉద్యోగం మానేసి వాడి పేజీ నడపడం మొదలుపెట్టాను.

ఈ వ్యాపారంలో ఒక కొలత ఉంది. ఫోన్ మీద జనం బొటనవేలు పదిహేను సెకన్లకు మించి ఆగదు. ఆలోగా పాట పట్టుకుంటే పట్టుకున్నట్టు, లేదంటే అంతే సంగతులు. అందుకని వాడేం కట్టినా, అందులో తియ్యటి ముక్క ముందుకు తెమ్మనేదాన్ని. మొదట్లో గునిశాడు. తర్వాత నేర్చుకున్నాడు. మూడేళ్ళలో నూటపన్నెండు ముక్కలు చేశాడు. అవి బట్టల దుకాణాల్లో మోగాయి, ఎవరెవరి పెళ్ళి వీడియోల వెనకాలో మోగాయి. వాణ్ణి దారిలో ఆపి ఫోటోలు తీసుకునేవాళ్ళు. అన్నిట్లోనూ పల్లవే. చరణం ఉన్న పాట ఒక్కటీ లేదు.

ఆ సంగతి కనిపెట్టింది నాన్న. నాన్న పియానోలకు శ్రుతి చేసేవాడు. బడుల్లో, హోటళ్ళలో, డబ్బున్నవాళ్ళ ముందుగదుల్లో ఎక్కడ పియానో బొంగురుపోయినా నాన్నకే కబురొచ్చేది. ఇంటి వెనక గదిలో తీగల చుట్టలు, ఉన్ని ముక్కలు, విప్పిన మీటలు వరసగా పేర్చి ఉండేవి. ఒకరోజు తమ్ముడి ముక్కలన్నీ కూర్చోబెట్టి వినిపిస్తే, ఓపిగ్గా విని, "అన్నీ గుమ్మాలే కట్టావురా. ఇల్లేదీ?" అన్నాడు. నేను అది ఫోన్లో తీసి పేజీలో పెట్టేశాను. తమ్ముడి పాటలకంటే ఆ తిట్టుకే ఎక్కువమంది చప్పట్లు కొట్టారు.

అప్పట్నుంచీ నాన్న కూడా మా సరుకైపోయాడు. వారానికోసారి ఆయన కనపడకపోతే జనం ఊరుకునేవాళ్ళు కాదు. నాన్న ఏనాడూ కాదనలేదు. తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చేవాడు. వెలుతురు సరిపోలేదని ఇంకోసారి తీస్తానంటే, "మళ్ళీ ఆశ్చర్యపోమంటావా? ఇందాకటంతా, ఇంకొంచెం ఎక్కువా?" అని అడిగేవాడు. కొడుక్కి మేలు జరుగుతుందంటే తలకిందులుగా నిలబడమన్నా నిలబడే మనిషి.

ఎడమ చెవి ఆయనకు ముందే పోయింది. పోయినేడు శీతాకాలంలో డాక్టరు కుడి చెవి కూడా చూసి, అదీ పోతుందని చెప్పాడు. ఏడాది పట్టొచ్చు, నెలే పట్టొచ్చు, ఆపడం తన చేతిలో లేదన్నాడు. బయటికొచ్చాక నాన్న మెట్ల మీద కాసేపు కూర్చున్నాడు. తర్వాత తమ్ముడి వైపు తిరిగి, మొత్తం పాట ఒక్కటి కట్టమని అడిగాడు. ముందూ వెనకా ఉన్న పాట. చెవి ఉండగానే వింటానన్నాడు. ఆయన మమ్మల్ని నోరు తెరిచి అడిగింది నాకు గుర్తున్నంతలో అదొక్కటే.

తమ్ముడు నాలుగు నెలలు కష్టపడ్డాడు. గుమ్మం దాటాక ఎటు నడవాలో వాడికి తెలియలేదు పాపం. కట్టడం, చెరపడం, మళ్ళీ కట్టడం. చివరికి ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం నా గదిలోకొచ్చి, అయిపోయిందన్నాడు. నాలుగు నిమిషాల నలభై సెకన్ల పాట. నేను విన్నాను. పాటల గురించి నాకు తెలిసింది తక్కువ, కానీ మధ్యలో ఎక్కడో ఊపిరి తీసుకోవడం మర్చిపోయాను. వాడు హెడ్‌ఫోన్లు పట్టుకుని నాన్న గదివైపు పరిగెత్తాడు. నేను వెళ్ళి గుమ్మంలో అడ్డం నిలబడ్డాను.

"ఆగరా. ఇది కెమెరా ముందు వినాలి" అన్నాను.

నేను చేసిన తప్పు ఇదే. ఇంకే ఇంట్లోనైనా కొడుకు వెళ్ళి తండ్రికి పాట వినిపించేవాడు, కథ అక్కడితో సరిపోయేది. మా వృత్తిలో మొదటిసారి వినడమనేది ఒక్కసారే దొరికే సరుకు. ఆయన ముందే వినేస్తే, తర్వాత ముఖంలో ఆ వెలుగు తెప్పించలేం. అప్పటికి ఒక పెద్ద మ్యూజిక్ కంపెనీ తమ్ముడితో మాట్లాడుతోంది. తండ్రి చెవి పోయేలోపు కొడుకు కట్టిన పాట, తండ్రి మొదటిసారి వినడం, ఆ వీడియోతోనే విడుదల. ఈ ఆలోచన నాదే. కంపెనీ తరఫున మాతో మాట్లాడే ఆవిడ విని, ఒళ్ళు జలదరించిందని తన చెయ్యి చాపి చూపించింది. నాకు గర్వంగా అనిపించింది.

వాడు చిన్నప్పట్నుంచీ నా మాట కాదని ఎరగడు. హెడ్‌ఫోన్లు నా బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోయాడు. ఇంకా పని మిగిలుందని నాన్నతో చెప్పాం.

మేలో విడుదలన్నారు. ఆ వారంలోనే ఎవరో పెద్ద గాయకుడి పాట వస్తోందని జూలైకి జరిపారు. జూలైలో జనమంతా బడులు తెరిచిన హడావుడిలో ఉంటారని సెప్టెంబరుకి జరిపారు. నేను ఒక్కసారైనా గట్టిగా అడగలేదు. వీడియో విడుదలకు మూడు రోజుల ముందే తీయాలని, ముందుగా తీస్తే ఎలాగోలా బయటికి పొక్కుతుందని ఆవిడ అంటే, అదీ నిజమేననుకున్నాను.

ఈ ఐదు నెలలూ నాన్న ఏం చేశాడో చెప్తాను. కుడి చెవిలో దూది పెట్టుకుని తిరిగాడు. కొత్త పనులు ఒప్పుకోవడం మానేశాడు. వీధిలో లారీ హారన్ కొడితే చెవి మూసుకునేవాడు. ఎందుకలా అని అడిగితే, "ఉన్న కాస్త చెవీ అరిగిపోకుండా వాడి పాటకి దాస్తున్నానమ్మా" అన్నాడు. అలా అన్నది జూన్‌లో. పాట నా ఫోన్లోనే ఉంది. ఆయన పక్కనే బల్ల మీద ఉంది నా ఫోన్. చేతులెలా కట్టుకు కూర్చున్నానో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

ఆగస్టు చివర్లో నాన్నకు నాలుగు రోజులు జలుబు, జ్వరం వచ్చి తగ్గాయి. ఆ తర్వాత మాటలు తగ్గించాడు. కాఫీయా, టీయా అని అడిగితే "సరే" అనేవాడు. నీరసమనుకున్నాను. తనతో మాట్లాడేవాళ్ళ పెదాలకేసి ఎందుకంతలా చూస్తున్నాడో ఆలోచించలేదు. అప్పుడు నా తలనిండా విడుదల తేదీయే.

వీడియో ముందుగదిలో తీశాం. కుర్చీ కిటికీ పక్కకు జరిపాను. తమ్ముడు నాన్న ముఖంలోకి చూడలేక, గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నేను ఎప్పటిలాగే చెయ్యి కిందికి దించి సైగ చేసి, పాట పెట్టాను. నాన్న కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి వేళ్ళు తాళం వేయడం మొదలుపెట్టాయి. తర్వాత కన్నీళ్ళు కారాయి. దేవుడా, ఇంతకంటే ఏం కావాలనుకున్నాను. నేనూ ఏడ్చాను.

లాప్‌టాప్ మీద పాట ఎంతవరకొచ్చిందో చూపించే గీత చివరికొచ్చి ఆగిపోయింది. నాన్న వేళ్ళు ఆగలేదు.

ముందు అర్థం కాలేదు. పాట ఇంకా ఆయన లోపల మోగుతోందేమోననుకున్నాను. ఐదు సెకన్లు, ఏడు, పది. అదే చిరునవ్వు, అదే తాళం, మధ్యమధ్యలో మెచ్చుకుంటున్నట్టు తల ఊపడం. పదకొండో సెకనులో వెళ్ళి భుజం తాకాను. కళ్ళు తెరిచి నా ముఖం చూశాడు. ఆయనకు తెలిసిపోయింది, నాకు తెలిసిపోయిందని. ఒక్క క్షణం నా చెయ్యి గట్టిగా నొక్కాడు. తర్వాత హెడ్‌ఫోన్లు తీసి, గోడవైపున్న తమ్ముడికి వినపడేలా పెద్దగా, "ఇల్లు కట్టావురా" అన్నాడు.

వాడు వచ్చి ఆయన ఒళ్ళో తల పెట్టి భోరున ఏడ్చాడు. అరవై లక్షలమంది చూసింది అదే. మధ్యలో ఆ పదకొండు సెకన్లూ నేను కత్తిరించేశాను. అతుకు కనపడదు. నా పనితనానికి వంక పెట్టలేరు.

తర్వాత అన్నీ మేము కోరుకున్నట్టే జరిగాయి. కంపెనీ తమ్ముడితో మూడేళ్ళకు ఒప్పందం రాసుకుంది. వేదికల మీదికి పిలిచారు. ఎక్కడ కూర్చోబెట్టినా వాణ్ణి మొదట అడిగేది నాన్న గురించే. వారం రోజులాగి నాన్న, ఇవాళ పొద్దుట లేచేసరికి చెవి పూర్తిగా పోయిందని తమ్ముడికి తనే చెప్పాడు. అబద్ధానికి తేదీ కూడా జాగ్రత్తగా ఎంచుకున్నాడు. వాడు నా దగ్గరికొచ్చి, "కనీసం నా పాట విన్నాడక్కా. అది చాలు నాకు" అన్నాడు. నేను వాడి తల నిమిరాను.

మొన్న ఆదివారం వాడు ఏదో కార్యక్రమానికి వెళ్తే, నేను నాన్న వెనక గదిలోకి వెళ్ళాను. తీగలు మందాన్ని బట్టి వేరుచేసి, ఎవరికో ఇచ్చేయడానికి కట్టలు కడుతున్నాడు. ఎదురుగా కూర్చుని, పాత పని చీటీ వెనక, ఎప్పట్నుంచి వినపడటం లేదు అని రాసి చూపించాను.

జ్వరం తగ్గిన మర్నాటి నుంచి అన్నాడు. గిన్నె మీద చెంచాతో కొట్టి చూసుకున్నాడట. విడుదల దగ్గరికొచ్చింది కదా, పిల్లవాడు డీలాపడతాడని మాకు చెప్పలేదట. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టంటారు. నా ముందు బ్యాండు మేళమే పెట్టారు మీరు" అని నవ్వాడు. తన గొంతు ఎంత పెద్దగా వస్తోందో ఆయనకు తెలియడం లేదు.

తర్వాత మామూలుగానే అడిగాడు, పాట ఎప్పటికి పూర్తయిందని. వాడు ఆలస్యం చేశాడనే అనుకుంటున్నాడు, అందుకు వాడిమీద కోపం కూడా లేదు. అబద్ధం చెప్పొచ్చు. నూటపన్నెండు ముక్కల కింద నూటపన్నెండు రకాలుగా రాసినదాన్ని, ఒక్క అబద్ధం రాయలేనా? ఆయన ఎదురుగా కూర్చుంటే చెయ్యి రాలేదు. ఏప్రిల్ అని రాశాను.

చీటీ దగ్గరికి పెట్టుకుని చదివాడు. కళ్ళజోడు తీసి చొక్కాకు తుడుచుకుని, మళ్ళీ చదివాడు.

"ఏప్రిల్‌లో నాకు బాగానే వినపడేదమ్మా" అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. నాకు ఏడుపు ఆగలేదు. నేనే ఆపాను నాన్నా, వాడు నీ గుమ్మందాకా వచ్చాడు, నేనే ఆపానని రాశాను. ఆయన చదివి, చీటీ నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు, తమ్ముడి కంట పడకుండా. చాలాసేపు తీగల కట్టలు కట్టుకున్నాడు. నేను అక్కడే కూర్చున్నాను.

లేవబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆ పాట ఏ స్వరం మీద మొదలై ఎక్కడికి వెళ్తుందో, చరణంలో ఏం చేశాడో రాసివ్వమన్నాడు. స్వరాలు రాసిస్తే చదువుకుని వినగలనన్నాడు. ఆ పాటను ఊరంతా చాటినదాన్ని, అందులో ఒక్క స్వరం పేరు నాకు తెలియదు. తెలియదని తల అడ్డంగా ఊపాను.

"వాణ్ణి అడుగుదామంటే, విన్నానని చెప్పేశాను కదా" అన్నాడు నాన్న.