ఎవరిదా శాలువా

కాలిన వాసన రాగానే ఇస్త్రీ ఆవిడ పరుగున వచ్చి మొగుడి చేతిలోని బొగ్గుల ఇస్త్రీపెట్టె లాక్కుంది. అప్పటికే చొక్కా కాలరు నల్లబడింది. దాని ఖరీదు కట్టాలంటే వారం కూలి పోతుంది. ఆయన గోడ తడుముకుంటూ లోపలి గదిలోకి వెళ్లి మంచం మీద కూర్చున్నాడు. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరిపోయాయి. ఆపరేషన్ చేస్తే చూపు వస్తుందని డాక్టరు చెప్పాడు. పేదల కార్డు ఉంటే పైసా కట్టక్కర్లేదు.

ఆ కార్డు రాకుండా చేసింది తనే. ఆ సంగతి ఆవిడకు అన్నం సయించనివ్వడం లేదు.

పోయిన నెల కార్డుల కోసం ఇళ్లు చూసే సర్వే ఆయన వస్తున్నాడని తెలిసి ఆవిడ చేసిన ఘనకార్యం ఏమిటంటే, పక్కింటి నుంచి రెండు కుర్చీలూ ఒక ఫ్యానూ తెచ్చి ముందు గదిలో సర్దింది. ఇంటికొచ్చిన మనిషిని నేల మీద కూర్చోబెడతారా ఎవరైనా? భుజం దగ్గర చిరుగు కనబడకుండా, ఇస్త్రీకి వచ్చిన బట్టల్లోంచి అదే వీధిలో ఉండే టీచరమ్మ నీలం పట్టు శాలువా తీసి కప్పుకుంది. సర్వే ఆయన ఆ కుర్చీలోనే కూర్చుని, ఆ ఫ్యాను గాలికే చెమట ఆర్చుకుని, వీళ్లు పేదలు కాదని రాసుకుపోయాడు.

ఇంట్లో ఏమేం ఉన్నాయో చూస్తే పేదరికం తెలిసిపోతుందని ఆయన లెక్క. ఆవిడ లెక్క వేరు. లేనితనం నలుగురి కంటా పడితేనే పేదరికం, అంతవరకూ తాము ఉన్నవాళ్లే. మొగుడిది ఇంకో లెక్క. ఇస్త్రీకొచ్చిన గుడ్డ తమ ఒంటిని తాకిన రోజున తాము అడుక్కునేవాళ్లకన్నా హీనమని పెళ్లైన కొత్తలోనే చెప్పాడు.

ఇవాళ సర్వే ఆయన మళ్లీ వచ్చాడు. ఇంకోసారి చూడమని అర్జీ రాసిపెట్టింది టీచరమ్మే. సాక్షి సంతకానికి వచ్చి నిలబడింది కూడా. మంచి మనిషి. ఆ మంచితనం ముందు ఆవిడకు సిగ్గేసింది. కుర్చీలూ ఫ్యానూ తమవేనని పక్కింటివాళ్లు చెప్పేశారు. ఆయన కాగితాలు తిరగేసి, ఖరీదైన శాలువా అని కూడా రాసుకున్నానే, దాని సంగతేమిటని అడిగాడు.

ఎవరో పాతది ఇచ్చి ఉంటారని టీచరమ్మ సర్దిచెప్పబోయింది. ఇచ్చినవాళ్లెవరో చెబితే వెళ్లి కనుక్కుంటానన్నాడాయన. ఇస్త్రీ ఆవిడ లోపలి గది వైపు చూసింది. నిజం చెబితే ఈ వీధిలో ఇక ఎవరూ బట్టలు వెయ్యరు. చెప్పకపోతే లోపలున్న మనిషికి చూపు రాదు.

"మీదేనండీ టీచరమ్మా," అంది తల దించుకుని. "ఇస్త్రీకి వేసిన నీలం శాలువా. ఈయన వచ్చే వేళకి కప్పుకున్నాను. తప్పు నాదే."

టీచరమ్మ తన ఒంటి మీది బట్టలను ఒకసారి చూసుకుంది. సంతకం మాత్రం పెట్టింది. పెట్టి, బల్ల మీద ఇంకా విప్పని తన బట్టల మూట తీసుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

"ఈ ముక్క మొదటి రోజే చెబితే నాకీ తిరుగుడు తప్పేది కదమ్మా," అన్నాడు సర్వే ఆయన. కార్డు వస్తుందని చెప్పి ఆయనా వెళ్లాడు.

లోపలి గది గుమ్మంలో మొగుడు నిలబడి ఉన్నాడు. చూపు పోయింది గానీ చెవులు బాగానే పనిచేస్తాయి.

"ఆ ఒక్క రోజేనా?" అన్నాడు.

ఔనంటే నమ్ముతాడు. తన మాట ఏనాడూ కాదన్నవాడు కాదు. చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి నడిపించుకెళ్లిన రోజున కూడా తన ఒంటి మీద ఉన్నది ఎవరి బట్టో ఆవిడకు తెలుసు.

"కాదయ్యా," అంది. "నీకు చూపు ఆననప్పట్నుంచీ."