సారమ్మ పేర్చిన అట్టముక్కలు

పోగొట్టుకున్న మార్కుల మెమోలకు నకళ్లు ఇచ్చే పనిని యూనివర్సిటీ కంప్యూటర్లోకి ఎక్కించాలనుకుంది. ఆ సాఫ్ట్‌వేర్ చేసే బాధ్యత తార్నాకలోని ఒక చిన్న కంపెనీకి వచ్చింది. దరఖాస్తు ఏ బల్ల మీది నుంచి ఏ బల్ల మీదికి వెళుతుందో రూల్సు పుస్తకం చదివి, ఆ కంపెనీలో పనిచేసే సుప్రజ పెద్ద చార్టు గీసింది. పరీక్షల విభాగం మీటింగులో అధికారులంతా తలలూపారు. ఇరవై ఆరేళ్లుగా ఆ మెమోల పని చూస్తున్న సారమ్మ కూడా “బాగుందమ్మా” అని ఊరుకుంది. అదే సుప్రజకు ఎక్కడో గుచ్చుకుంది.

మీటింగయ్యాక సారమ్మను వరండాలో ఆపి అడిగింది. “మేడమ్, నిజంగా బాగుందా?”

సారమ్మ అటూ ఇటూ చూసింది. “ఆ డబ్బాలు, బాణాలు నాకేం సమజ్ కాలేదమ్మా. అందరి ముందు ఎట్ల చెప్పాలె?”

సుప్రజకు సిగ్గేసింది. ఎవరి పనిని గీసిందో ఆవిడకే అర్థం కాలేదు!

మర్నాడు అట్టముక్కలు కత్తిరించి, ఒక్కోదాని మీద ఒక్కో పని తెలుగులో రాసి తెచ్చింది. “దరఖాస్తు వచ్చిందనుకోండి. మీరు చేసే వరసలో పేర్చండి.”

మొదట మొహమాటపడినా, సారమ్మ కళ్లజోడు సర్దుకుని చకచకా పేర్చసాగింది. ‘రిజిస్టరుతో పేరు కలవకపోతే తిరస్కరించాలి’ అన్న ముక్కను మాత్రం తీసి పక్కన పెట్టేసింది.

“అది రూల్సులో ఉంది మేడమ్.”

“ఉన్నది. కానీ అప్పట్ల రిజిస్టర్లు చేత్తోని రాసింది మేమే కదా. ఇమ్మానుయేలు అన్న పేరుని ఇంగ్లీషుల ఒకరు ఐతో రాసిన్రు, ఇంకొకరు ఈతో రాసిన్రు. తప్పు మాదైతే వాళ్లనెట్ల తిప్పి పంపుత? రికార్డు రూముకు పోయి అడ్మిషన్ ఫారం తీస్తా. అండ్ల వాళ్లు సొంతంగ రాసుకున్న పేరుంటది. పదిట్ల తొమ్మిది కలుస్తయి.”

సుప్రజ ఆ పక్కన పెట్టిన ముక్కను చేతిలోకి తీసుకుంది. తన చార్టు ప్రకారం సాఫ్ట్‌వేర్ తయారైతే ఆ తొమ్మిది మందికీ క్షణంలో ‘కుదరదు’ అని జవాబు వెళ్లిపోయేది.

శనివారం సారమ్మ మెట్టుగూడ నుంచి మెట్రోలో తార్నాక వచ్చింది. మార్చిన కంప్యూటర్ తెరలన్నీ కంపెనీలో కూర్చుని ఒక్కొక్కటే నొక్కి చూసింది. పేరు కలవనిచోట ఇప్పుడు ‘అడ్మిషన్ ఫారం చూడండి’ అని వస్తోంది. ఆవిడ ముఖం విప్పారింది. అంతలోనే కనుబొమలు ముడిపడ్డాయి.

“దాంట్ల గూడ కలవకుంటే?” అని తనే పెన్నందుకుని ఖాళీ ముక్క మీద రాసింది: ‘ఫోన్ చేసి అడగాలి.’

సుప్రజ ఆ ముక్కను వరసలో చేర్చింది.

“హాల్ టికెట్ల పని గూడ మీరే చేస్తరంట కదా?” వెళ్లబోతూ అడిగింది సారమ్మ. “అయితే చార్టు గీయక ముందే ఆ పని చూసే మా వాసంతితోని మాట్లాడు. మీటింగంటే భయపడ్తది. నేనే తోల్కొస్తా.”

సుప్రజ అక్కడే వాసంతి ఫోన్ నంబరు రాసుకుంది.