తట్టకు కొసరు

గెస్ట్‌హౌసు విషయంలో కబూల లెక్క తేలికైనదే. కాంట్రాక్టరు తినే నాలుగో వంతు తన పెట్టెలోనే ఉండాలి. తమ్ముడు మదుహు తాపీమేస్త్రి. సిమెంటు తనే కొంటుంది, పని దగ్గర తనే నిలబడుతుంది. మ్వాంజా దారిలో బస్టాండు వెనక కింది గదులూ, వాటి మీద స్లాబూ అలాగే లేచాయి. పై అంతస్తుకు వచ్చేసరికి మాత్రం ధైర్యం చాలలేదు. తమ్ముడితోనే కానిద్దామా, కాంట్రాక్టరుకి అప్పగిద్దామా అన్నది తేల్చుకోలేక, కాంట్రాక్టరు షిగేలాని తన ఎండుచేపల అంగడికి రమ్మంది.

ఆయన వచ్చేసరికి ఆమె ఎండుచేపలు కొలుస్తోంది. డబ్బా నిండాక, పైన గుప్పెడు కొసరు వేసి గుమ్మటం కట్టింది.

"స్లాబుకి ఇసుకా కంకరా ఎవరు కొలిచారమ్మా?" అన్నాడు షిగేలా.

"నేనే. మా తమ్ముడు తట్ట అంచుకి సమంగా కొట్టమన్నాడు. సమంగా కొడితే మనకేం మిగులుతుంది? ప్రతి తట్టా గుమ్మటం కట్టించాను. పద్దెనిమిది బస్తాల సిమెంటు మిగిలింది, తెలుసా! మీరైతే మిగిల్చేవారా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. "అమ్మా, చేపలకి కొసరు వేస్తే బేరం నిలుస్తుంది. సిమెంటుకి ఇసుక కొసరు వేస్తే కప్పు నిలవదు. స్లాబు కింది ఊతకర్రలు ఎప్పుడు తీస్తున్నారు?"

కబూల చేతిలో డబ్బా ఆగింది. కర్రలకు రోజు అద్దె. ఒక్క రోజు కూడా ఎక్కువ ఉంచొద్దని పొద్దున తమ్ముడితో చెప్పి పంపింది తనే.

"ఈపాటికి తీస్తూ ఉంటాడు."

షిగేలా అప్పటికే అద్దె మోటారుసైకిలు వాణ్ణి కేకేశాడు. అంగడి తెరిచి ఉందన్న సంగతి కూడా ఆమెకు గుర్తు రాలేదు. దారి పొడవునా ఆమె లెక్కే కట్టింది. ఒక్కో కర్ర కొట్టి తీయడానికి ఎంతసేపు? పొద్దుటి నుంచి ఎన్ని? ఆ లెక్క ఎటు తిప్పినా తమ్ముడి తల దగ్గరకే వచ్చి ఆగుతోంది.

గెస్ట్‌హౌసు బయట మూడు వరసల కర్రలు పేర్చి ఉన్నాయి. లోపల మదుహు ఒక్కడే, నాలుగో వరస మొదటి కర్ర దగ్గర సుత్తి ఎత్తి ఉన్నాడు. అతని తల మీద స్లాబు కడుపుబ్బిన గేదెలా కిందికి దిగి ఉంది. సన్నటి పొడి అతని భుజం మీద రాలుతోంది. కబూల నోరు తెరిచింది. తన కేకకే కప్పు కూలుతుందేమోనని చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏంటక్కా, కర్రలు లెక్కబెట్టడానికొచ్చావా?" అన్నాడు మదుహు.

"కొట్టకయ్యా," అన్నాడు షిగేలా మెల్లగా. "సుత్తి అక్కడే కింద పెట్టు. గోడ పక్కనుంచి నడిచి రా. పరిగెత్తకు."

మదుహు తల ఎత్తి చూశాడు. సుత్తి మెల్లగా కింద పెట్టాడు. ఒక్కో అడుగూ వేస్తుంటే కబూల లెక్కపెట్టింది. పదకొండు అడుగులు. గుమ్మం దాటగానే అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆ రోజే చెప్పాను! తట్ట సమంగా కొట్టమని ఎంత మొత్తుకున్నాను! విన్నావా?" అన్నాడు మదుహు.

లోపల ఏదో చిట్లిన చప్పుడు. అతను వదిలొచ్చిన చోట బండెడు కాంక్రీటు ఊడి పడింది.

ముగ్గురూ వెనక్కి జరిగారు. కబూల షిగేలా వైపు తిరిగి అంది: "పని మీరే పట్టుకోండి."

"ముందు ఇది పడగొట్టాలి. ఆ ఖర్చు మీది. ఆ తర్వాత మీరు తట్టల దగ్గరకి రాకూడదు."

"రాను. మరి మా వాడు?"

"ఇతను కావాలి. తట్ట సమంగా కొట్టమన్నవాడు ఇతనేగా."

మదుహు చెయ్యి లాక్కోబోయాడు. "వదులక్కా, నొప్పెడుతోంది."

"పెట్టనీరా," అంది కబూల, దుమ్ము లేస్తున్న గుమ్మం వైపే చూస్తూ.