గొంగడిలో వెచ్చటి మూల

పొద్దున లేస్తే గోపమ్మ పనులకు ఒక వరుస ఉంది. ముందు వాకిలి ఊడ్చి అలుకు చల్లుతుంది. గంప ఎత్తి మేకపిల్లలను తల్లుల దగ్గరికి వదులుతుంది. చేతులు కడుక్కుని ఇంట్లోకి వచ్చి, దండెం మీద మడతపెట్టి ఉన్న మగని గొంగడి మీద చెయ్యి పెడుతుంది. గొంగడి వెచ్చగా తగులుతుంది.

"ఉన్నడత్తా" అంటుంది.

మూలన కూర్చుని నశ్యం పీలుస్తున్న అత్త గుర్వమ్మ "ఉండక యాడికి పోతడు?" అంటుంది. అప్పుడు పొయ్యి అంటుకుంటుంది.

కొల్లాపూరు దగ్గరి ఆ ఊళ్ళో గొల్లవాళ్ళ ఇళ్ళన్నింటా ఇదే తంతు. పిల్లవాడికి మీసాలు రాగానే ఒకే మంద ఉన్నితో కురుమవాళ్ళ చేత రెండు గొంగళ్ళు నేయిస్తారు. ఒకటి మనిషితో పోతుంది, ఒకటి ఇంట్లో ఉంటుంది. మనిషి కృష్ణ దాటి నల్లమలలో తిరుగుతున్నా, పట్నంలో హమాలీ చేస్తున్నా, ఊపిరి ఉన్నన్నాళ్ళు ఇంట్లోది వెచ్చగా ఉంటుంది. పోయాడంటే చల్లబడుతుంది. చల్లబడినదాన్ని గొర్రెల దొడ్డి వెనక పూడ్చి, ఆ తరువాతే ఏడుపు మొదలుపెడతారు. ఇందులో వింతేముందో ఆ ఊళ్ళో ఎవరికీ తోచలేదు. ఒక్క జాగ్రత్త మాత్రం చిన్నపిల్లలకు కూడా తెలుసు. వెచ్చగా ఉన్న గొంగడిని పూడ్చకూడదు. పూడిస్తే, అవతల దాని జంటను కప్పుకున్న మనిషికి ఊపిరాడక ప్రాణం పోతుంది.

పక్కింటి లీలమ్మ వాళ్ళు వ్యవసాయదారులు. వాళ్ళకు గొంగళ్ళ గొడవ లేదు. ఇంటి మనిషి ఎక్కడ కన్ను మూసినా తలుపు గొళ్ళెం తనంతట తాను ఒక్కసారి మోగుతుంది, అంతే. అందుకని గోపమ్మను ఎకసెక్కాలాడేది.

"దినాం లేసి ఉన్నడా, పోయిండా అని తడుముకునుడేందే తల్లీ? మా గొళ్ళెం మోగేదాంక మేము నిమ్మలంగ పంటం."

"మీరు చేన్ల ఉన్నప్పుడు మోగితే?"

"యాడున్నా ఇనపడ్తది. మా అత్త చెవిటిదయ్యి గూడ ఇన్నది."

ఇక సర్కారు పద్ధతి సర్కారుది. తంతి పంపిస్తుంది. ఆ తంతి ఊరు చేరేసరికి ఇక్కడ దినవారాలు కూడా అయిపోయి ఉంటాయి.

ఆంధ్రతో కలిసి కొత్త రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు వానలు ముఖం చాటేశాయి. మేత లేక మంద సగమయింది. మిగిలిన గొర్రెలను తమ్ముడు సైదులుకు అప్పజెప్పి, ఐలేశం నందికొండ దగ్గర కృష్ణకు కడుతున్న పెద్ద కట్ట మీదికి రాళ్ళు మోసే పనికి పోయాడు. లీలమ్మ మగడు కిష్టయ్యది కూడా అదే బస్సు. ఐలేశం నెమ్మదైన మనిషి. పెళ్ళయి ఎన్ని ఏళ్ళయినా గోపమ్మ ఒడి నిండలేదు. రెండో పెళ్ళి చేసుకొమ్మని కులంవాళ్ళు అతనికి చెప్పి చెప్పి అలిసిపోయారు. "నాకు ఉన్నది చాలు" అని మాత్రం అనేవాడు. ఆ మాట గోపమ్మకు కొండంత ధైర్యం.

దీపావళి పోయి ముసురు పట్టిన రోజుల్లో ఒకనాటి పొద్దున గోపమ్మ గొంగడి మీద చెయ్యి పెట్టింది. చల్లగా తగిలింది.

చెయ్యి తడి అనుకుని కొంగుకు తుడుచుకుని మళ్ళీ పెట్టింది. చల్లగానే ఉంది. దండెం మీంచి లాగి, నేల మీద పరిచి, పిచ్చిదానిలా ఈ కొసనుంచి ఆ కొసదాకా తడిమింది. ఒక మూలన, జానెడంత మేర, వెచ్చగా ఉంది. ఆ జానెడూ లోపల ఏదో గబగబా కొట్టుకుంటున్నట్టు చేతికి అదురుతూ ఉంది. మిగతా అంతా చావుచల్లన.

"అత్తా! గిదేందే!"

గుర్వమ్మ నశ్యం డబ్బీ కింద పెట్టి లేచి వచ్చింది. ఎనిమిది కాన్పులు అయిన మనిషికి కూడా ఏమీ పాలుపోలేదు. చల్లబడుడు తెలుసు, వెచ్చగుండుడు తెలుసు. ఇట్లా ఒక మూలన మాత్రం మిగిలిన గొంగడిని ఎవరూ చూసి ఉండలేదు.

గోపమ్మ పక్కింటికి ఉరికింది. "లీలమ్మా, మీ గొళ్ళెం ఏమన్న మోగిందా?"

"లేదే. మా ఆయన మంచిగనే ఉన్నట్టు. మా గొళ్ళెం మావాళ్ళకే గద మోగేది, మీ ఆయన సంగతి దానికేం ఎరుక?" అని, గోపమ్మ ముఖం చూసి లీలమ్మ ఎకసెక్కం మానేసింది.

కబురు తెలిసి పెద్దగొల్ల పర్వతాలు వచ్చాడు. కులంలో ఏ తగువయినా ఆయన మాటతో తెగాలి. గొంగడిని తిప్పి తిప్పి చూసి గొంతు సవరించుకున్నాడు. "పానం పోతాంది గని ఇంక పూరాగ పోలేదు. యాడనో జరంత కొట్లాడ్తాంది" అన్నాడు.

"అంటె మా అన్న పానం కాలి ఏలుల ఉన్నదా?" అని సైదులు బెంగగా అడిగాడు.

"ఏలో, మడిమో, నాకేం ఎరుకర!" అని పర్వతాలు విసుక్కున్నాడు. తెలియని సంగతి అడిగితే ఆయనకు కోపం ఎక్కువ.

ఆ తరువాతి దినాలు గోపమ్మకు నరకం. ఏ పని మీదా చెయ్యి నిలవదు. ఇంతకుముందు పొద్దున ఒక్కసారి తడిమేది, ఇప్పుడు దుత్తలో పాలు పిండుతూ లేచివచ్చి తడుముతుంది, రొట్టె పెనం మీద వేసి వచ్చి తడుముతుంది. జానెడు వెచ్చదనం అట్లాగే ఉంది. పెరగదు, తరగదు. పళ్ళెంలో అన్నం అట్లాగే మిగిలిపోతుంది.

ఇంతలో ఒకనాడు ఆ మూల తడిసింది. ఇంటికప్పు కురవలేదు, ఎవరూ నీళ్ళు ఒలకబోయలేదు. దండెం మీదున్న గొంగడి తనంతట తాను తడిసి, సైదులు చూస్తుండగానే ఒక్కో చుక్కా కిందికి రాలింది. వాసన చూస్తే గొంగడికి ఎప్పుడూ ఉండే వాసనే. గుర్వమ్మకైతే నశ్యం పుణ్యమా అని ఏ వాసనా తెలియక ఏళ్ళయింది. పర్వతాలు తల పంకించాడు.

"గిది సావుచెమట. చెమట వట్టినంక పానం నిలువది. పొద్దుగూకకముందే పూడ్చుదం. లేకుంటె పోయినోడు ఇంట్ల తిరుగుతడు. కోడలుపిల్ల గాజులు రేపు పొద్దుగాల తీపిద్దం."

పర్వతాలు చెడ్డవాడు కాదు. కులపెద్ద అన్నాక ఏదో ఒకటి చెప్పాలి, ఆయనకు తోచింది చెప్పాడు. సైదులు ఏడుస్తూనే గడ్డపార పట్టుకుని దొడ్డి వెనక గుంత తవ్వాడు. నలుగురూ పోగయ్యారు. పర్వతాలు గొంగడిని మడిచి గుంత దగ్గరికి తెచ్చేసరికి గోపమ్మ అడ్డం పడి రెండు చేతులా గుంజుకుంది.

"ఇంక ఎచ్చగున్నది! ఎచ్చగున్నదాన్ని ఎట్ల పూడుస్తరయ్యా? మీకు పానం ఎట్ల ఒప్పుతాంది?"

"ఎచ్చగున్నది నీ చెయ్యి బిడ్డా. ఆశ గట్లనే కొడ్తది. ఇడువు."

"నా చెయ్యి సంగతి ఇడిచిపెట్టు. అత్తను సూడమను. కన్నతల్లి గద, ఆమె ఏమంటె గదే."

జనం జరిగి దారి ఇచ్చారు. గుర్వమ్మ వచ్చి నేల మీద కూలబడింది. కాయలు కాసిన అరచేతుల మీద నమ్మకం లేక, వంగి ఆ తడిమూలకు చెంప ఆనించింది. ఆ తరువాత రెండో చెంప ఆనించింది. తల ఎత్తినప్పుడు ముసలిదాని ముఖంలో ఏడుపు లేదు, అయోమయం ఉంది.

"గిది నా కొడుకు ఎచ్చదనం కాదు" అంది.

గోపమ్మ తనూ వంగి ఆ మూలను మళ్ళీ తడిమింది.

"నా కొడుకైతె నాకెరుకే గద. గిది ఆడు కాదు. గని ఎవలో ఉన్నరు పర్వతాలూ. ఉన్నోళ్ళని పూడ్చుడు నాతోటి కాదు, నీతోటి గూడ కానియ్య." కోడలి వైపు తిరిగింది. "గొంగడి పట్టుకోని నువ్వు పో బిడ్డా. కండ్లతోని సూసి రా. ఆడు లేకుంటె గప్పుడే ఏడుద్దం."

పర్వతాలు కాలితో గుంతలోకి మట్టి తోశాడు.

తెల్లవారి మొదటి బస్సుకు గోపమ్మ కొల్లాపూరులో ఎక్కింది. కల్వకుర్తిలో దిగి దేవరకొండ బస్సు పట్టుకుంది. ఒళ్ళో గొంగడి, ఆ మూల మీద చెయ్యి. దారిలో అది మళ్ళీ ఒకసారి తడిసి ఆమె చీర కుచ్చిళ్ళు తడిపింది. కండక్టరు అదోలా చూశాడు. ఆమెకు సిగ్గు తోచలేదు. వెచ్చగానే ఉందా లేదా అన్నదొక్కటే ఆమె ధ్యాస. అత్త మాట మనసులో తిరుగుతూనే ఉంది. ఐలేశం కాకపోతే ఈ వెచ్చదనం ఎవరిది? అది ఎవరిదయితే తనకేం, ఐలేశం ఏడి?

నందికొండ చేరేసరికి పొద్దు వాలుతోంది. కొండల నడుమ చీమల బారుల్లా మనుషులు, నెత్తిన రాళ్ళు. పాలమూరు వాళ్ళ గుడిసెలు ఎక్కడని అడుగుతూ పోతుంటే కిష్టయ్యే ఎదురొచ్చాడు.

"గోపమ్మా! నువ్వేంది గీడ? ఇంట్ల అంత మంచిగనే?"

ఆమె గొంగడిని రొమ్ముకు అదుముకుంది. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం. కిష్టయ్య వెనక్కి తిరిగి "ఓ ఐలేశమన్నా! నీ ఇంటామె వచ్చింది రా" అని కేక వేశాడు.

గుడిసె చాటు నుంచి ఐలేశం వచ్చాడు. రాతిదుమ్ము కొట్టుకుపోయిన రుమాలు, నెరిసిన గడ్డం, రెండు కాళ్ళూ రెండు చేతులూ సక్రమంగా ఉన్నాయి. గోపమ్మ ఉన్నచోటనే కూలబడి భోరుమంది. అతను దగ్గరికి రాగానే దొరికినచోటల్లా కొట్టింది.

"సల్లగయితివి గదయ్యా! ఇంట్ల సల్లగయితివి! గుంత గూడ తవ్విరి!"

ఐలేశం ముందు తెల్లబోయాడు. ఆమె ఒళ్ళోని గొంగడి కనబడగానే అర్థమై, చేత్తో నెత్తి కొట్టుకున్నాడు. "అయ్యో! ఇంట్ల దాని సంగతే మరిసినే! నాది నా మీద లేదే, పిల్లకు ఇచ్చిన."

"ఏ పిల్లకు?"

అతను చెయ్యి పట్టుకుని లేపి గుడిసెలోకి తీసుకుపోయాడు. గుంజకు కట్టిన చీర ఊయలలో అతని గొంగడి ఉండచుట్టి ఉంది. ఆ ఉండలో ఎర్రటి చిన్న ముఖం, నిద్రపోతూ ఉంది. చుట్టింది అంతా కలిపి జానెడు మనిషి.

ముసురు పట్టిననాడు ఒక కూలీ ఆడమనిషి పురిటిలో పోయిందట. పిల్ల చలికి నీలుక్కుపోతుంటే ఐలేశం తన మీది గొంగడి తీసి చుట్టాడు. ఆనాటినుంచీ అతను గోనెపట్ట కప్పుకుని పడుకుంటున్నాడు. గుడిసెల్లో పసిపిల్లల తల్లులు వంతులవారీగా పాలిస్తున్నారు.

"ఎవలామె?"

"రాయచూరు దిక్కు నుంచి వచ్చిందంటరు. ఒంటిగనే వచ్చింది. ఊరి పేరు ఎవలకు చెప్పలేదు" అన్నాడు గుమ్మంలో నిలబడిన కిష్టయ్య. "వాళ్ళ దిక్కు తీరేందో మనకేం ఎరుక? ఆడ ఏం సల్లగయిందో, ఏం మోగిందో. ఇన్నోళ్ళెవలన్న ఉంటె ఇయ్యాల్టిదాంక రాకుందురా?"

గోపమ్మ ఒక చెయ్యి ఊయలలోని గొంగడి మీద, ఒక చెయ్యి తను తెచ్చిన దాని మూల మీద పెట్టింది. రెండింటా ఒకటే వెచ్చదనం, ఒకటే గబగబ. అంతలోనే పిల్ల కదిలింది. రెండు చేతులూ ఒక్కసారే తడిశాయి.

గోపమ్మ తడి చేతులు చూసుకుంది, మగని ముఖం చూసింది. "పర్వతాలు మామ... గిది సావుచెమట అన్నడు" అని, నవ్వు ఆపుకోలేక గుంజకు ఆనుకుంది. కడుపు పట్టుకుని, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వింది. ఇన్నాళ్ళ బరువంతా ఆ నవ్వుతో దిగిపోయింది.

ఆ నవ్వుకు పిల్ల లేచి ఏడ్చింది. అప్పుడే మేస్త్రి భిక్షం గుమ్మంలోకి తొంగి చూశాడు. "ఐలేశం, లారీ పోతాంది. పిల్లను తే. పట్నంల అనాథాశ్రమం ఉన్నది, డ్రైవరుకు చెప్పిన."

గోపమ్మ మగని వైపు చూసింది. అతను నేల చూపులు చూస్తున్నాడు. "నిన్ను అడగంది ఎట్ల ఉంచుకుందునే? నా మనసుల మాట నాకాడనే పెట్టుకున్న" అన్నాడు మెల్లగా.

ఆమె ఊయలలోంచి పిల్లను గొంగడితో సహా ఎత్తి భుజాన వేసుకుంది. "పిల్ల యాడికి రాదు మేస్త్రీ."

"అరె, ఎవల పిల్లనో ఏందో! నీకు ఏమయితదమ్మా?"

"ఏమయితదా? మీరంత మంచిగ పనిల ఉంటిరి. నేను దినాం లేసి గీ పిల్ల మీద చెయ్యి పెట్టి, ఉన్నదా లేదా అని ఒణుక్కుంట సూసిన. పూడుస్తమంటె గుంత కాడ కొట్లాడిన. కన్నతల్లులు ఇంకేం చేస్తరో చెప్పు, గది గూడ చేస్త."

భిక్షం గడ్డం గోక్కున్నాడు. "రేపు ఎవలన్న మాది అని వస్తె?"

"రానీ. వస్తె కూసోపెట్టి బువ్వ పెడ్త. పిల్లకు వాళ్ళు గూడ సుట్టాలయితరు."

మేస్త్రి "గట్లనే కానియ్యమ్మా" అన్నాడు. బయటికి పోయి డ్రైవరుకు చెయ్యి ఊపాడు. లారీ గుర్రుమని కదిలి, ఎర్రదుమ్ము లేపుకుంటూ హైదరాబాదు బాట పట్టింది. ఐలేశం రుమాలుతో ముఖం తుడుచుకున్నాడు. దుమ్ముకే అన్నట్టు తుడుచుకున్నాడు గానీ, అతని భుజాలు అదరడం గోపమ్మ చూసింది.

పిల్ల ఆమె మెడ దగ్గర ముక్కు దూర్చి ఊరుకుంది. గోపమ్మకు ఇన్నాళ్ళకు అన్నం గుర్తొచ్చింది.

"ఏమన్న తినతందుకు ఉన్నదా? ఆకలయితాంది" అని అడిగింది.