హన్నమ్మగారికి చెప్పవలసిన మాట

ఆసుపత్రికి నాణ్యత గుర్తింపు ఇవ్వవచ్చో లేదో చూడటానికి హైదరాబాదు నుంచి తనిఖీ బృందం వస్తుందని కబురు వచ్చిన వారంలోనే, డయాలసిస్ విభాగంలో ఇద్దరి రక్త పరీక్షలు తేడాగా వచ్చాయి.

స్నేహలత ఏలూరులోని ఆ ఆసుపత్రికి నర్సింగ్ సూపరింటెండెంట్. తాడేపల్లిగూడెం నుంచి రోజూ రైల్లో వచ్చి వెళుతుంది. గుర్తింపుకు సంబంధించిన పనులన్నీ ఆమె మీదే పెట్టారు. సిబ్బందికి శిక్షణ, గదుల శుభ్రత, మందుల గది సర్దుబాటు అన్నీ ఒక కొలిక్కి వచ్చాయనుకుంటున్న సమయంలో ల్యాబు నుంచి ఈ ఫలితాలు వచ్చాయి.

ఇద్దరిలో ఒకరు హన్నమ్మ. కొల్లేటి లంక గ్రామంలో చిన్నపిల్లలకు చదువు చెప్పి రిటైరైన మనిషి. కిడ్నీలు చెడిపోయిన దగ్గర్నుంచి వారానికి మూడుసార్లు కొడుకు సుకుమార్ ఆమెను ఆసుపత్రికి తీసుకొస్తున్నాడు. రెండో మనిషి దెందులూరు రైతు వెంకట్రాజు. ఆయనది హన్నమ్మ పక్క మంచమే. పూట కూడా ఒకటే. ఎప్పుడూ లేనిది ఇప్పుడు ఇద్దరి రక్తంలోనూ హెపటైటిస్ సి కనపడింది. రక్తం ద్వారానే ఒకరి నుంచి ఒకరికి చేరి, పైకి ఏమీ తెలియనివ్వకుండా కాలేయాన్ని పాడుచేసే జబ్బు అది. స్నేహలత మళ్ళీ రక్తం తీయించి విజయవాడ పంపించింది. అక్కడా అదే తేలింది.

ఆమె నేరుగా డాక్టర్ శ్రీనివాసరావు గదిలోకి వెళ్ళింది. ఆసుపత్రి ఆయనదే. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల వాళ్ళు డయాలసిస్ కోసం విజయవాడ పోయేవారు. ఆ ప్రయాణం పడలేక మధ్యలో మానేసి ఎందరో చనిపోయారు. అది చూడలేకే ఆయన ఇక్కడ మిషన్లు పెట్టించాడు. ఊళ్ళో ఆయనకు ఆ గౌరవం ఉంది.

ఫలితాలు చూసి ఆయన చాలాసేపు తల ఎత్తలేదు.

"ఎక్కడి నుంచైనా వచ్చి ఉండొచ్చు కదండీ సిస్టర్. హన్నమ్మగారికి ఆ మధ్య బయట రక్తం ఎక్కించారు. రాజుగారు పన్ను పీకించుకున్నానన్నారు."

"ఇద్దరికీ ఒకేసారా సార్?"

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ముందు తనిఖీ అయిపోనివ్వండి. మందులు మాత్రం ఆలస్యం చేయొద్దు, వెంటనే మొదలుపెట్టేద్దాం. లివరుకి బలానికని చెప్పి ఇవ్వండి."

"అలా నేను చెప్పలేనండీ," అంది స్నేహలత. గొంతు పెంచలేదు. కానీ ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆయనతో ఆమె ఆ మాట అనడం అదే మొదలు.

మర్నాడు ఆమె ఇతర పనులన్నీ పక్కనపెట్టి డయాలసిస్ హాల్లో ఒక మూల కుర్చీ వేసుకుని కూర్చుంది. ఒక పూట వాళ్ళు లేచి వెళ్ళే వేళకి రెండో పూట వాళ్ళు గుమ్మంలో నిలబడి ఉన్నారు. టెక్నీషియన్ ఫణికిరణ్ ఒకరి చేతికి సూది తీసి, రక్తం ఆగేవరకు ఒక చేత్తో అదిమిపట్టి, రెండో చేత్తో పక్క మిషను మోత ఆపుతున్నాడు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు సీసా ఒక ట్రేలో పెట్టి ఉంది. ఆ ట్రే మంచం నుంచి మంచానికి వెళుతోంది. అందరికీ ఆ సీసాలోంచే మందు లాగుతున్నారు. గ్లవ్స్ మంచానికొకసారి మార్చాలి. అతను మారుస్తున్నాడు, కొన్నిసార్లు. ఇంకొన్నిసార్లు ఎవరో పిలిస్తే అవే చేతులతో పరిగెడుతున్నాడు.

అతను సోమరి కాడు. ఉదయం నుంచి అతను కూర్చున్నది ఆమె చూడలేదు. మంచాలు పెరిగాయి, మనుషులు పెరగలేదు. ఆ ట్రే ఆమె రౌండ్లకు వచ్చినప్పుడల్లా అలాగే తిరిగింది. ఆమె మాత్రం నేల మీద మరకలున్నాయా, దుప్పట్లు మార్చారా అని చూసి వెళ్ళిపోయేది.

చూసిందంతా ఆమె డాక్టరుగారికి చెప్పింది. ఆయన విన్నాడు. అవునూ అనలేదు, కాదూ అనలేదు.

ఆ మర్నాడు ఆయన రౌండ్లకు వచ్చినప్పుడు హన్నమ్మే అడిగింది. "డాక్టరుగారూ, నా రక్తం మళ్ళీ తీశారేంటండీ? ఏవన్నా తేడా వచ్చిందాండీ?"

అడిగిన తీరులో అనుమానం లేదు. ఆయనేం చెబితే అది నమ్మడానికి సిద్ధంగా ఉన్న ముఖం. ఆయన ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. పక్కనే నిలబడ్డ స్నేహలతకు ఆయన చెవులు ఎర్రబడటం కనపడింది.

"మీ ఇంటికొచ్చి మాట్లాడతానండీ టీచరుగారూ," అన్నాడు. వరండాలోకి వచ్చాక స్నేహలతతో, "ఆదివారం వెళ్దాం. మీరూ రండి," అన్నాడు. "చర్చిలో ఆరాధన అయ్యాక వస్తానండీ," అందామె.

ఆదివారం ఏలూరు దాటాక రోడ్డు సన్నబడి గట్టు మీదికి ఎక్కింది. రెండు వైపులా చేపల చెరువులు. మేత బస్తాల లారీ ఎదురైతే కారు పక్కకు తీసి ఆపవలసి వచ్చింది. చెరువు గట్టున గూడబాతులు వరసగా కూర్చుని ఉన్నాయి.

హన్నమ్మ చర్చి నుంచి అప్పుడే వచ్చినట్టుంది, తెల్లచీరలోనే ఉంది. ఇంటికి డాక్టరు వచ్చాడని కంగారుపడి కుర్చీలు తుడిపించింది. సుకుమార్ ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. అతనూ ఇంట్లోనే ఉన్నాడు. మంచినీళ్ళు ఇచ్చారు. డాక్టరుగారు గ్లాసు పట్టుకున్నాడు కానీ తాగలేదు.

"టీచరుగారూ, మీ రక్తంలో కాలేయానికి సంబంధించిన ఒక వైరస్ కనపడిందండీ. దానికి మందుంది, నయమవుతుంది. కానీ అది మీకు మా ఆసుపత్రిలోనే అంటుకుంది. ఏ రోజు, ఎలా అన్నది కచ్చితంగా చెప్పలేను. మా దగ్గర జాగ్రత్తలు సరిగ్గా జరగలేదు. తప్పు మాదేనండీ."

సుకుమార్ లేచి నిలబడ్డాడు.

"బతికిస్తారని తీసుకొస్తుంటే ఇంకో జబ్బు అంటించారా? మీ ఇంట్లో మనిషికైతే ఇలాగే చేస్తారాండీ?"

"ఉండరా," అంది హన్నమ్మ. ఆమె చూపు గుమ్మం బయట ఆడుకుంటున్న మనవరాలు గ్రేస్ మీద ఉంది. "అది నా కంచంలోనే తింటుందండీ. దానికి వస్తుందా?"

"రాదండీ," అంది స్నేహలత. "కలిసి తింటే రాదు, పక్కన పడుకున్నా రాదు. రక్తం తగిలితేనే."

హన్నమ్మ గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. "నా పక్కన రాజుగారికి కూడానా?"

"ఇంకొకరి సంగతి మేం చెప్పకూడదండీ," అన్నాడు డాక్టరుగారు. ఆమె తల ఊపింది. ఆమెకు అర్థమైందని అందరికీ తెలిసింది.

"మీరు దాచి ఉంటే నాకు తెలిసేది కాదు. మీరొచ్చి చెప్పారు," అంది చివరికి, ఒక్కొక్క మాటా ఆపి ఆపి. "అందుకని మిమ్మల్ని మెచ్చుకోవాలంటే మాత్రం నావల్ల కాదండీ. మంగళవారం నేను మళ్ళీ మీ దగ్గరికే రావాలి. ఆ మంచం మీదే పడుకోవాలి. రాకపోతే బతకను. మీ మీద కోపం వచ్చినా ఎక్కడికీ పోలేను చూశారా, అదండీ నా బాధ."

తిరుగుదారిలో గట్టు మీద ఒకచోట డాక్టరుగారు కారు ఆపి దిగి, నీళ్ళ వైపు తిరిగి నిలబడ్డాడు. మళ్ళీ ఎక్కాక అన్నాడు: "నిజం చెబుతున్నాను కదా, ఎంతో కొంత క్షమిస్తుందని లోపల ఎక్కడో ఆశపడ్డానండీ సిస్టర్." ఆ ఆశ స్నేహలతకూ ఉంది.

సోమవారం వెంకట్రాజునూ, ఆయన భార్య వీరదుర్గనూ గదిలో కూర్చోబెట్టి చెప్పారు. ఆయన మొత్తం విని, "మళ్ళీ మీ మిషను మీద పడుకోనండీ," అని లేచాడు. ఆ వారం నుంచే విజయవాడ పోవడం మొదలుపెట్టాడు. జిల్లా అధికారులకు ఫిర్యాదు ఇచ్చాడు. వాళ్ళు వచ్చి రెండు పూటలు అన్నీ తిరగేశారు. ఈ సంగతి బయటికి పొక్కాక మరికొందరు వేరే చోట్లకు వెళ్ళిపోయారు. స్నేహలత మాత్రం ఆ హాల్లో డయాలసిస్ చేయించుకున్న ప్రతి ఒక్కరికీ మళ్ళీ పరీక్ష చేయించింది. ఇంకెవరికీ అంటుకోలేదు.

ఫణికిరణ్ ఉద్యోగం మానేస్తానని వచ్చాడు. డాక్టరుగారు ఒప్పుకోలేదు. "నువ్వు పోతే నీ తర్వాత వచ్చినవాడూ ఇలాగే పరిగెడతాడు. ఒక్కడివీ అంతమందిని చూసేలా పెట్టింది నేనయ్యా," అన్నాడు.

ఆదివారం అన్నట్టే, ఆ మంగళవారం హన్నమ్మ వచ్చింది. ఆమె కోసం మిషను వేరే గదిలో పెట్టారు. ఫణికిరణ్ సూది పట్టుకుని దగ్గరికొచ్చాడు. హన్నమ్మ అతని ముఖంలోకి చూసి, "చేతులు కడుక్కున్నావా బాబూ?" అని అడిగింది. వెటకారం లేదు, తరగతిలో పిల్లాణ్ణి అడిగినట్టు అడిగింది. అతను కడుక్కునే వచ్చాడు. అయినా ఏమీ అనకుండా వెళ్ళి, ఆమె చూస్తుండగా మళ్ళీ కడుక్కుని వచ్చాడు. తెరిచి ఉన్న తలుపులోంచి ఆ మాట హాల్లోవాళ్ళూ విన్నారు. ఆ తర్వాత ఒకరొకరే అడగడం మొదలుపెట్టారు. మొదట్లో అతనికి తల తీసేసినట్టుండేది. పోనుపోను, అడగకముందే చేతులు చూపించడం అలవాటైంది.

మందు కలపడానికి విడిగా ఒక గది ఏర్పాటు చేశారు. ఒకరికి వాడిన సీసా ఇంకొకరి దగ్గరికి పోదు. ప్రతి పూటకీ ఇంకో ఇద్దరు టెక్నీషియన్లను పెట్టారు. రెండు పూటల మధ్య హాలంతా ఖాళీ చేయించి శుభ్రం చేశాకే తలుపు తీస్తున్నారు. ఆలస్యమవుతోందని బయట జనం విసుక్కున్నా తీయడం లేదు.

తనిఖీ బృందం వచ్చిన రోజున డాక్టరుగారు వాళ్ళను ముందు డయాలసిస్ విభాగానికే తీసుకెళ్ళి, జరిగినదంతా తన నోటితో చెప్పాడు. వాళ్ళు ఓపిగ్గా విన్నారు. గుర్తింపు ఇవ్వలేదు. మార్పులు నిలుస్తాయో లేదో చూసి, మరుసటి ఏడు మళ్ళీ వస్తామన్నారు. సిబ్బందిలో కొందరు స్నేహలత మీద మండిపడ్డారు. ఆ సాయంత్రం రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఆమె ఏడ్చింది.

మాత్రలు పూర్తయ్యాక హన్నమ్మ రక్తంలో ఆ వైరస్ పోయింది. వెంకట్రాజుకీ నయమైందని వీరదుర్గ ఫోన్ చేసి చెప్పింది. "ఆయన మీ పేరెత్తితేనే మండిపడతారండీ. నేనే చెబుదామని చేశాను," అంది. ఆయన తిరిగి రాలేదు.

చెప్పినట్టే బృందం మరుసటి ఏడు వచ్చింది. ఈసారి గుర్తింపు ఇచ్చింది. గుర్తింపు వచ్చినట్టు బోర్డు పెట్టేటప్పుడు చిన్న సభ చేద్దామనీ, హన్నమ్మ చేత ఆవిష్కరింపజేద్దామనీ సిబ్బంది ముచ్చటపడ్డారు. డాక్టరుగారే వెళ్ళి ఆమెను అడిగాడు.

"మీ బోర్డు మీరు పెట్టుకోండి డాక్టరుగారూ, వద్దనను. కష్టపడ్డారు, చూశాను," అంది హన్నమ్మ. "నన్ను మాత్రం దాని పక్కన నిలబెట్టి ఫొటో తీయించకండీ. నాకు జరిగింది జరగకుండా పోదు కదా."

"సరేనండీ," అన్నాడాయన.

సభ జరగలేదు. ఒక ఉదయం ఎలక్ట్రీషియన్ నిచ్చెన వేసి బోర్డు బిగించి వెళ్ళాడు. అదే పూట ముదినేపల్లి వైపు నుంచి ఒకాయన మొదటిసారి డయాలసిస్‌కి వచ్చాడు. ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గుమ్మంలో బిక్కుబిక్కుమంటూ నిలబడింది. తన వంతు కోసం బెంచీ మీద కూర్చున్న హన్నమ్మ జరిగి ఆమెకు చోటిచ్చింది.

"వాళ్ళు ఏం చేస్తున్నా అడగండమ్మా," అంది. "మొహమాటపడకండి. ఇక్కడ అడిగితే చెబుతారు."